పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ సొంతంగా రాయడం ఎలా: సాకెట్ నుంచి క్వెరీ దాకా

విశాఖలో మధురవాడ, రుషికొండ వైపు కంపెనీల్లో పనిచేసేవాళ్లూ, ఏయూ ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు చేసేవాళ్లూ తిప్పి తిప్పి ఒకటే అడుగుతున్నారు: "డేటాబేస్ డ్రైవర్ లోపల ఏం జరుగుతుంది? మేమే ఒకటి రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" డ్రైవర్ అంటే మీ ప్రోగ్రామ్‌కీ డేటాబేస్ సర్వర్‌కీ మధ్య మాటలు మోసే లైబ్రరీ. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌తో మొదలుపెట్టండి. దాని ప్రోటోకాల్ (సర్వర్, క్లయింట్ మాట్లాడుకునే పద్ధతి) మూడో వెర్షన్ 2003లో, 7.4 విడుదలతో వచ్చింది. నేటికీ డ్రైవర్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. అధికారిక డాక్యుమెంటేషన్‌లో ప్రతి మెసేజ్‌నీ బైటు బైటుగా వివరించారు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. రేపటికల్లా ఆఫీసు పని అవ్వాలంటే ఇది చేయకండి. పైథాన్‌లో సైకోపీజీ, గోలో పీజీఎక్స్, జావాలో జేడీబీసీ డ్రైవర్ ఉన్నాయి, వాటినే వాడండి. నేర్చుకోవాలన్నా, మీ భాషకి మంచి డ్రైవర్ లేకపోయినా, ప్రాక్సీ (క్లయింట్‌కీ సర్వర్‌కీ మధ్య నిలబడే ప్రోగ్రామ్) లాంటిది కట్టాలన్నా అప్పుడు సొంతంగా రాయడంలో అర్థం ఉంది. ఇంకా తేలికైనది కావాలంటే రెడిస్ అనే ఇంకో డేటాబేస్ ప్రోటోకాల్ చూడండి. ఒక సాయంత్రంలో అయిపోతుంది, కానీ ఇంత పాఠం నేర్పదు.

కష్టం ఎక్కడుందో కూడా ముందే తెలిస్తే మంచిది. మెసేజ్‌ల పట్టిక చూసి భయపడనక్కర్లేదు. నేను చూసిన డ్రైవర్ బగ్గుల్లో ఎక్కువ భాగం రెండు చోట్ల నుంచే పుడతాయి: పొడవు తప్పు లెక్కపెట్టడం, జవాబు పూర్తిగా అయిందో లేదో తెలియకుండానే ముందుకు వెళ్లిపోవడం. అందుకే కింద ఆ రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

బైట్ల విలువలన్నీ దశాంశ అంకెల్లో ఇస్తున్నాను. మెసేజ్ రకం చెప్పే అక్షరం పక్కనే దాని ఆస్కీ విలువ ఉంటుంది.

కావలసినవి

- మీ లాప్‌టాప్‌లోనే నడిచే పోస్ట్‌గ్రెస్, వెర్షన్ 14 లేదా ఆపైది. పోర్టు 5432.
- అందులో విజాగ్ (ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో vizag) అనే యూజర్, అదే పేరుతో ఒక డేటాబేస్.
- పీజీ హెచ్‌బీఏ ఫైల్లో (ఎవరిని ఎలా లోపలికి రానివ్వాలో చెప్పే సెట్టింగ్ ఫైలు) 127.0.0.1కి తాత్కాలికంగా ట్రస్ట్ పద్ధతి, అంటే పాస్‌వర్డ్ అడగకుండా రానివ్వడం. పాస్‌వర్డ్ గొడవ మొదట్లోనే పెట్టుకుంటే ఏది ఎక్కడ తప్పిందో తేలదు. ఇది సొంత లాప్‌టాప్‌లో మాత్రమే. నలుగురూ వాడే సర్వర్‌లో ట్రస్ట్ పెట్టారంటే తలుపు బార్లా తీసినట్టే.
- వైర్‌షార్క్, నెట్‌వర్క్ మీద వెళ్లే బైట్లని చూపించే టూల్. పోస్ట్‌గ్రెస్ మెసేజ్‌లను ఇది విడదీసి చూపిస్తుంది. పీఎస్‌క్యూఎల్‌ని (పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే కమాండ్ లైన్ క్లయింట్) టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ని రహస్యంగా ఉంచే ఎన్‌క్రిప్షన్) ఆపి నడిపి, అది పంపే బైట్లనీ మీరు పంపే బైట్లనీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.
- సర్వర్ లాగ్ కనిపిస్తూ ఉండే ఇంకో టెర్మినల్. దీన్ని చాలామంది పట్టించుకోరు. కొన్ని తప్పులకు సర్వర్ క్లయింట్‌కి ఒక్క ముక్క కూడా చెప్పదు, లాగ్‌లో మాత్రం రాస్తుంది.
- టీసీపీ సాకెట్లు, ఎస్‌హెచ్‌ఏ-256, హెచ్‌మ్యాక్ (ఈ రెండూ పాస్‌వర్డ్ మెట్టులో కావలసిన హ్యాష్ లెక్కలు) ఉన్న ఏ భాషైనా సరే.

1. ముందు చదివే ఫంక్షన్, రాసే ఫంక్షన్

ప్రతి మెసేజ్ రూపం ఒకటే: రకం చెప్పే ఒక బైటు, తర్వాత 4 బైట్ల పొడవు, తర్వాత అసలు సరుకు. పొడవులో ఆ 4 బైట్లూ కలుస్తాయి, రకం బైటు మాత్రం కలవదు. కాబట్టి సరుకు 9 బైట్లైతే పొడవు గడిలో 13 రాయాలి, తీగ మీద వెళ్లేవి 14. కాగితం మీద రాసి గోడకి అంటించుకోవలసిన లెక్క ఇది.

అంకెలన్నీ బిగ్ ఎండియన్, అంటే పెద్ద బైటు ముందు. జావాలో బైట్‌బఫర్ అలవాటుగానే అలా ఉంటుంది. పైథాన్ స్ట్రక్ట్‌లో ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టాలి. గోలో బిగ్ ఎండియన్ అని మీరే చెప్పాలి.

ఇప్పుడు అసలు సంగతి. టీసీపీ మీకు మెసేజ్‌లు ఇవ్వదు, బైట్ల ధార ఇస్తుంది. మన విశాఖ ఓడరేవులో కన్వేయర్ బెల్టు మీద ఇనుప ఖనిజం వచ్చినట్టు వస్తుంది: ఏ వ్యాగన్ సరుకు ఎక్కడ ముగిసిందో బెల్టు చెప్పదు, మీరే తూచుకోవాలి. సాకెట్ నుంచి ఒకసారి చదివితే సగం మెసేజ్ రావచ్చు, మూడున్నర మెసేజ్‌లూ రావచ్చు. ఒకే మెషీన్‌లో పరీక్షించేటప్పుడు చిన్న జవాబులు దాదాపు ఎప్పుడూ ఒక్కసారే మొత్తంగా వస్తాయి, అందుకే ఈ తప్పు బయటపడదు. కోడ్‌ని క్లౌడ్‌లో ఉన్న సర్వర్‌కి కలిపిన రోజునే మొదలవుతుంది టెన్షన్.

కాబట్టి రెండు ఫంక్షన్లు రాయండి. మొదటిది అడిగినన్ని బైట్లు పూర్తిగా చేతికి వచ్చేదాకా చదువుతూనే ఉండాలి. రెండోది మొదటిదాన్ని వాడుకుని 5 బైట్లు, ఆపైన పొడవులోంచి 4 తీసేసినన్ని బైట్లు చదివి ఒక మెసేజ్ ఇవ్వాలి. సాకెట్‌కీ వీటికీ మధ్య 8 కేబీ, 16 కేబీ బఫర్ ఒకటి పెట్టండి. లేకపోతే ప్రతి 5 బైట్లకీ ఒక సిస్టమ్ కాల్ అవుతుంది.

జాగ్రత్తలు:

- చదివినప్పుడు సున్నా బైట్లు వచ్చాయంటే అవతలివాళ్లు కనెక్షన్ మూసేశారని. ఎర్రర్ ఇచ్చి బయటికి రండి. లూప్‌లోనే ఉండిపోతే సీపీయూ నూరు శాతానికి ఎక్కి కూర్చుంటుంది.
- పొడవు 4 కంటే తక్కువ వస్తే మీరు దారి తప్పినట్టే. ఆ కనెక్షన్ వదిలేయండి. పైకి కూడా ఒక హద్దు పెట్టుకోండి, లేకపోతే చెత్త అంకెని నమ్మి జీబీల మెమరీ అడుగుతారు.
- పంపేటప్పుడు పొడవుకి 4 బైట్ల ఖాళీ వదిలి, సరుకంతా రాశాక వెనక్కి వచ్చి నింపండి. ముందే కూడికలు చేసి రాయడం మొదలుపెడితే ఎక్కడో ఒకచోట తప్పుతుంది.

సరిగ్గా వచ్చిందో చూడటానికి ప్రతిసారీ ఒక్క బైటే ఇచ్చే నకిలీ సాకెట్ రాయండి, దాని మీద మీ పరీక్షలన్నీ నడపండి. అసలు సాకెట్‌తో ఏ ఫలితం వస్తుందో దీనితోనూ అదే రావాలి. ఈ వ్యాసంలో ఒక్క పరీక్షే చేస్తానంటే ఇదే చేయండి.

2. తలుపు తట్టడం

మొదటి మెసేజ్‌కి మాత్రం రకం బైటు ఉండదు. చరిత్ర కారణాలు ఉన్నాయి, వాటితో మనకి పనిలేదు. 4 బైట్ల పొడవు, తర్వాత ప్రోటోకాల్ వెర్షన్‌గా 196608 (బైట్లలో 0 3 0 0), తర్వాత పేరు-విలువ జంటలు. ఒక్కో పేరు, ఒక్కో విలువ చివర సున్నా బైటు ఉండాలి. జంటలన్నీ అయ్యాక ఇంకో సున్నా.

మన విజాగ్ యూజర్‌కి మొత్తం 20 బైట్లు:

0 0 0 20 0 3 0 0 117 115 101 114 0 118 105 122 97 103 0 0

డేటాబేస్ పేరు చెప్పకపోతే యూజర్ పేరునే డేటాబేస్ పేరుగా తీసుకుంటుంది. ఇది నడిచాక క్లయింట్ ఎన్‌కోడింగ్ అనే జంట కూడా కలిపి యూటీఎఫ్8 అని పంపండి. తెలుగు డేటా ఉన్నప్పుడు ఇది సర్వర్ సెట్టింగ్ దయకి వదిలేసే విషయం కాదు.

తేడా వస్తే ఇలా కనిపెట్టండి:

- ఏ జవాబూ లేకుండా కనెక్షన్ తెగిపోయి, లాగ్‌లో స్టార్టప్ ప్యాకెట్ పొడవు చెల్లదని ఉంటే బైట్లు తిరగబడ్డాయి. 20ని లిటిల్ ఎండియన్‌లో పంపితే సర్వర్‌కి అది 335544320గా కనిపిస్తుంది.
- ఏ జవాబూ రాక, కనెక్షన్ కూడా తెగక వేలాడుతుంటే మీరు చెప్పిన పొడవు కంటే తక్కువ పంపారు. సర్వర్ మిగతా బైట్ల కోసం కాచుకుని ఉంది.
- 3డి000 అనే ఎర్రర్ కోడ్ వస్తే ప్రోటోకాల్ బాగానే ఉంది, ఆ పేరుతో డేటాబేసే లేదు. సంతోషించాల్సిన ఎర్రర్ ఇది.

3. సిద్ధం అనేదాకా వినడం

ట్రస్ట్ ఉంటే జవాబుగా ఇవి వస్తాయి: ఆర్ (82), అందులో సున్నా ఉంటే లోపలికి రానిచ్చినట్టు. తర్వాత ఎస్ (83) రకం మెసేజ్‌లు వరసగా వస్తాయి. సర్వర్ వెర్షన్, టైమ్‌జోన్ లాంటి సెట్టింగులు వాటిలో ఉంటాయి. కే (75)లో ప్రాసెస్ నంబరు, ఒక రహస్య సంఖ్య ఉంటాయి. ఈ రెండూ దాచుకోండి, చివర్లో పనికొస్తాయి. ఆఖరున జెడ్ (90), అంటే సర్వర్ సిద్ధం.

ఇవి ఈ వరసలోనే వస్తాయని కోడ్ రాయకండి. జెడ్ వచ్చేదాకా లూప్, లోపల రకాన్ని బట్టి పని. ఈ లూపే తర్వాత ప్రతి క్వెరీకీ పనికొస్తుంది. ఎస్, ఎన్ (78, నోటీసు), ఏ (65, నోటిఫికేషన్) ఈ మూడూ ఎప్పుడైనా, క్వెరీ జవాబు మధ్యలో కూడా దూరిపోవచ్చు. ఊహించని మెసేజ్ అని వాటికి ఎర్రర్ ఇచ్చే డ్రైవర్ నెలల తరబడి బాగానే నడిచి, ఎవరో ఒక ట్రిగ్గర్‌లో నోటీసు పెట్టిన రోజు పడిపోతుంది.

ఇంకో చిక్కు: ఒకే అక్షరానికి వెళ్లేటప్పుడు ఒక అర్థం, వచ్చేటప్పుడు ఇంకో అర్థం. డీ (68) సర్వర్ నుంచి వస్తే డేటా వరస, మీరు పంపితే డిస్క్రైబ్. ఎస్ వస్తే సెట్టింగు, పంపితే సింక్. కాబట్టి కాన్‌స్టాంట్లని రెండు జాబితాలుగా పెట్టుకోండి.

4. మొదటి క్వెరీ

క్యూ (81), పొడవు, క్వెరీ పాఠం, సున్నా బైటు. సెలెక్ట్ 1 కోసం పంపాల్సింది ఇది:

81 0 0 0 13 115 101 108 101 99 116 32 49 0

తిరిగి సరిగ్గా 66 బైట్లు రావాలి: టీ (84, కాలమ్‌ల వివరం) 34, డీ 12, సీ (67, పని పూర్తి) 14, జెడ్ 6. ఈ లెక్క తప్పితే ముందుకు వెళ్లకండి.

ఇక్కడే తెలుగువాళ్లకి ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఒకటుంది. సెలెక్ట్ 1 బదులు, సింగిల్ కోట్స్‌లో విశాఖపట్నం అని పెట్టి సెలెక్ట్ పంపండి. ఆ పేరులో యూనికోడ్ లెక్కన 10 కోడ్ పాయింట్లు ఉన్నాయి, యూటీఎఫ్8లో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 30. పొడవు గడిలో 44 రావాలి. పైథాన్‌లో స్ట్రింగ్ మీదే లెన్ అడిగితే 10 అంటుంది కాబట్టి మీరు 24 రాస్తారు. అప్పుడు సర్వర్ పాఠంలో 20 బైట్లే తీసుకుని, చివర సున్నా లేదని 08పీ01 ఎర్రర్ ఇస్తుంది. మిగిలిన బైట్లని కొత్త మెసేజ్ అనుకుని చదివి, 224 అనే రకం మెసేజ్ తనకి తెలియదని కనెక్షన్ తెంపేస్తుంది. 224 అంటే ఐదో కోడ్ పాయింట్ (ఖ) మొదటి బైటు. లాగ్‌లో ఎప్పుడు 224 కనబడినా తెలుగు పాఠం పొడవు తప్పిందని వెంటనే అనుమానించండి.

మందు తేలికే. స్ట్రింగ్‌ని ముందు బైట్లుగా మార్చి, ఆ బైట్ల పొడవు తీసుకోండి. జావా, జావాస్క్రిప్ట్ స్ట్రింగులకీ ఇదే వర్తిస్తుంది. గోలో లెన్ బైట్లనే లెక్కపెడుతుంది కాబట్టి అక్కడ ఈ బాధ లేదు.

పరీక్షల్లో జగదాంబ, ద్వారకా బస్ స్టేషన్, ఎన్‌ఏడీ జంక్షన్, గాజువాక లాంటి పేర్లని తెలుగులోనే పెట్టి ఒక టేబుల్ చేసుకోండి. ఇంగ్లిష్ పేర్లతో ఎన్ని పరీక్షలు నెగ్గినా ఈ తప్పు దొరకదు.

5. వరసల్ని విప్పడం

టీ మెసేజ్‌లో ముందు 2 బైట్లలో కాలమ్‌ల సంఖ్య. తర్వాత ఒక్కో కాలమ్‌కీ పేరు, సున్నా, ఆపైన 18 బైట్లు: టేబుల్ ఐడీ 4, కాలమ్ నంబరు 2, టైప్ ఐడీ 4, టైప్ సైజు 2, మాడిఫయర్ 4, ఫార్మాట్ 2. మనకి ముఖ్యమైనవి పేరు, టైప్ ఐడీ, ఫార్మాట్. కొన్ని టైప్ ఐడీలు స్థిరం: బూలియన్ 16, ఇంట్8 20, ఇంట్4 23, టెక్స్ట్ 25, టైమ్‌జోన్‌తో కూడిన టైమ్‌స్టాంప్ 1184, న్యూమరిక్ 1700.

డీ మెసేజ్‌లో 2 బైట్ల సంఖ్య, ఒక్కో విలువకీ 4 బైట్ల పొడవు, తర్వాత విలువ. ఈ పొడవులో తనని తాను కలుపుకోదు, మెసేజ్ పొడవుతో కలగాపులగం చేయకండి. పొడవు -1 అయితే నల్, దాని వెనక బైట్లేమీ ఉండవు. పొడవు 0 అయితే ఖాళీ స్ట్రింగ్. పొడవుని సైన్ లేని సంఖ్యగా చదివితే నల్ కాస్తా నాలుగు జీబీల విలువ అయిపోతుంది.

మొదట అన్నీ టెక్స్ట్ ఫార్మాట్‌లోనే తీసుకోండి. బైనరీ వేగం తర్వాత చూసుకోవచ్చు, చాలా అప్లికేషన్లకి ఆ అవసరమే రాదు. టెక్స్ట్‌లోనూ గోతులున్నాయి. న్యూమరిక్‌ని ఫ్లోట్‌గా మార్చకండి, పైసలు మారిపోతాయి. టైమ్‌జోన్ ఉన్న టైమ్‌స్టాంప్‌ని సర్వర్ మీ సెషన్ టైమ్‌జోన్‌లో ముద్రిస్తుంది. యూటీసీలో ఉంటే చివర +00 అని రెండు అంకెలే వస్తాయి. భారత సమయంలో ఉంటే +05:30 అని వస్తుంది. రెండంకెలే చదివే పార్సర్ మన దగ్గర అరగంట మింగేస్తుంది. కోల్‌కతా టైమ్‌జోన్ పెట్టి ఒకసారి, యూటీసీ పెట్టి ఒకసారి పరీక్షించండి.

బైనరీకి వెళ్తే టైమ్‌స్టాంప్ 1970 నుంచి కాదు, 2000 జనవరి 1 నుంచి మైక్రోసెకన్లలో లెక్క. తేడా 946684800 సెకన్లు. ఫలితం 30 ఏళ్లు జరిగితే ఇదే కారణం.

6. ఎర్రర్ వచ్చాక ఏం చేయాలి

డ్రైవర్ మంచిదో కాదో ఇక్కడే తేలుతుంది.

ఎర్రర్ మెసేజ్ రకం 69. లోపల ఒక బైటు కోడ్, దాని విలువ, సున్నా, ఇలా జంటలు. చివర ఒంటరి సున్నా. 67 కింద ఐదక్షరాల ఎస్‌క్యూఎల్ స్టేట్ ఉంటుంది, 77 కింద మనిషి చదివే వాక్యం. కోడ్‌లో నిర్ణయాలు ఎప్పుడూ స్టేట్‌ని బట్టే తీసుకోండి. వాక్యం సర్వర్ భాషా సెట్టింగ్‌ని బట్టి మారుతుంది. 80 కింద క్వెరీలో తప్పున్న చోటు వస్తుంది. పొడవులన్నీ బైట్లలో ఉంటే ఇది మాత్రం కోడ్ పాయింట్లలో ఉంటుంది, 1 నుంచి మొదలవుతుంది.

అందరూ చేసే తప్పు ఇది: ఎర్రర్ మెసేజ్ చదవగానే ఎక్సెప్షన్ విసిరి ఫంక్షన్‌లోంచి బయటికి వచ్చేస్తారు. కానీ సర్వర్ ఇంకా జెడ్ పంపాల్సి ఉంది. అది బఫర్‌లో మిగిలిపోతుంది. తర్వాతి క్వెరీ పంపి చదవగానే ఆ పాత జెడ్ ఎదురై, జవాబేమీ లేదు, అయిపోయింది అనుకుంటారు. అక్కడి నుంచి ప్రతి జవాబూ ఒక అడుగు వెనకబడి వస్తుంది. కాబట్టి ఎర్రర్‌ని ఒక వేరియబుల్‌లో దాచి, జెడ్ దాకా చదివి, అప్పుడు విసరండి. కనెక్షనే తెంపేసే ఫేటల్ ఎర్రర్లకి మాత్రం జెడ్ రాదు, కనెక్షన్ మూతపడుతుంది. అదీ చూసుకోవాలి.

టైమవుట్ దగ్గర ఇదే బగ్ ఇంకా ప్రమాదంగా మారుతుంది. అయిదు సెకన్లు చూసి, జవాబు రాలేదని వదిలేసి, కనెక్షన్‌ని పూల్‌లోకి (తెరిచిన కనెక్షన్లని అందరూ మార్చి మార్చి వాడుకునే చోటు) తిరిగి ఇచ్చేశారనుకోండి. ఆరో సెకన్లో జవాబు వచ్చి సాకెట్‌లో కూర్చుంటుంది. ఆ కనెక్షన్ తీసుకున్న తర్వాతి మనిషికి ముందటి మనిషి డేటా కనబడుతుంది. జీతాలో, ఆసుపత్రి రిపోర్టులో అయితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నియమం ఒక్కటే: జెడ్ చూడని కనెక్షన్ పూల్‌లోకి వెళ్లకూడదు. సందేహముంటే మూసేయండి, కొత్తది తెరవడం చవక.

జెడ్ లోపలి బైటు కూడా చూడండి. 73 అంటే ఖాళీగా ఉంది, 84 అంటే ట్రాన్సాక్షన్ మధ్యలో ఉంది, 69 అంటే ట్రాన్సాక్షన్ విఫలమైంది. పూల్‌లోకి పెట్టే ముందు 73 కాకపోతే రోల్‌బ్యాక్ పంపి, మళ్లీ జెడ్ చూసి పెట్టండి.

ఇలా పరీక్షించండి: లేని టేబుల్‌ని అడగండి, 42పీ01 రావాలి. వెంటనే అదే కనెక్షన్ మీద సెలెక్ట్ 1 పంపితే 1 రావాలి. ఈ జంటని వరసగా చాలాసార్లు తిప్పండి. కాపీ ఆదేశం (డేటాని మూటగా టేబుల్‌లోకి ఎక్కించేది) మీరు ఇంకా రాయకపోతే, ఎవరైనా కాపీ పంపినప్పుడు వచ్చే జీ (71)కి కాపీఫెయిల్ (చిన్న ఎఫ్, 102) తిరిగి పంపండి. ఊరుకుంటే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోతారు.

7. పాస్‌వర్డ్

ఇప్పుడు ట్రస్ట్ తీసేసి స్క్రామ్ పెట్టండి. పాస్‌వర్డ్‌ని తీగ మీద పంపకుండానే అది తెలుసని రుజువు చేసే పద్ధతి ఇది. పోస్ట్‌గ్రెస్‌లోకి వెర్షన్ 10తో 2017లో వచ్చింది, 14 నుంచి పాస్‌వర్డ్‌లు అలవాటుగా ఇలాగే నిల్వ అవుతాయి. ఆర్ మెసేజ్‌లో 10 వస్తే స్క్రామ్. 5 వస్తే పాత ఎండీ5, 3 వస్తే పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు అడుగుతోంది. టీఎల్‌ఎస్ లేకుండా 3కి జవాబు చెప్పకపోవడమే మంచిది.

మీరు పంపేవన్నీ చిన్న పీ (112) రకం. మొదటిదానిలో పద్ధతి పేరు, సున్నా, 4 బైట్ల పొడవు, తర్వాత మొదటి పాఠం. ఆ పాఠం ఎన్ అక్షరం, రెండు కామాలతో (110 44 44) మొదలవుతుంది. తర్వాత యూజర్ పేరు గడి, దాన్ని ఖాళీగా వదిలేయొచ్చు. స్టార్టప్‌లో చెప్పిన పేరునే సర్వర్ తీసుకుంటుంది. ఆపైన మీ నాన్స్, అంటే ఈ ఒక్కసారికే వాడే యాదృచ్ఛిక పాఠం. క్రిప్టో కోసం ఉద్దేశించిన జనరేటర్‌నే వాడండి.

11 అంకెతో వచ్చే ఆర్ మెసేజ్‌లో సర్వర్ తన నాన్స్, సాల్ట్ (పాస్‌వర్డ్‌తో కలిపే యాదృచ్ఛిక బైట్లు), ఆవృత్తుల సంఖ్య (మామూలుగా 4096) ఇస్తుంది. దాని నాన్స్ మీ నాన్స్‌తోనే మొదలవ్వాలి, కాకపోతే ఆపేయండి. లెక్క ఇలా సాగుతుంది: పీబీకేడీఎఫ్2తో (హెచ్‌మ్యాక్‌ని అన్ని ఆవృత్తులూ తిప్పే లెక్క) పాస్‌వర్డ్, సాల్ట్ కలిపి 32 బైట్ల కీ. దానితో క్లయింట్ కీ అనే ఇంగ్లిష్ మాటల మీద హెచ్‌మ్యాక్. దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్. ఆ హ్యాష్ కీగా మొత్తం సంభాషణ పాఠం మీద మళ్లీ హెచ్‌మ్యాక్. దాన్ని క్లయింట్ కీతో ఎక్స్‌ఆర్ చేస్తే మీ రుజువు.

తప్పులు జరిగే చోట్లు:

- సంభాషణ పాఠంలో మొదటి ముక్క నుంచి ఆ మూడు బైట్లు (110 44 44) తీసేయాలి. తీయకపోతే పాస్‌వర్డ్ సరైనదే అయినా 28పీ01 వస్తుంది.
- సాల్ట్‌ని బేస్64 నుంచి విప్పాకే వాడాలి.
- క్లయింట్ కీ మాటల్లో రెండు పెద్దక్షరాలు, మధ్య ఒక ఖాళీ ఉంటాయి: 67 108 105 101 110 116 32 75 101 121.
- రెండోసారి పంపే దానిలో పొడవు గడీ ఉండదు, చివర సున్నా బైటూ ఉండదు. పాఠం మాత్రమే.
- 12 అంకె ఉన్న ఆర్ మెసేజ్‌లో వచ్చే సర్వర్ సంతకాన్ని మీరూ లెక్కగట్టి పోల్చాలి. పోల్చకపోయినా లాగిన్ అయిపోతుంది, అందుకే చాలామంది వదిలేస్తారు. వదలకండి. స్క్రామ్‌లో అవతల ఉన్నది అసలు సర్వరేనని చెప్పేది అదొక్కటే.

సర్వర్‌తో తంటాలు పడే ముందు ఆర్‌ఎఫ్‌సీ 7677 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉన్న ఉదాహరణ సంభాషణతో సరిచూసుకోండి. అందులో పాస్‌వర్డ్ పెన్సిల్. నాన్స్‌ని బయటి నుంచి ఇచ్చేలా ఫంక్షన్ రాస్తే ఇది యూనిట్ టెస్ట్‌గా వాడుకోవచ్చు.

8. పారామీటర్లతో క్వెరీ

క్యూ మెసేజ్‌లో పారామీటర్లు ఉండవు. యూజర్ ఇచ్చిన విలువల్ని స్ట్రింగ్‌లో అతికించి క్యూతో పంపే డ్రైవర్ రాస్తే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కి (విలువలో దూర్చిన ఆదేశం క్వెరీగా నడిచిపోవడం) మీరే దారి వేసినట్టు. విలువలున్నాయంటే ఐదు మెసేజ్‌లు: పార్స్ (పెద్ద పీ, 80), బైండ్ (66), డిస్క్రైబ్ (68), ఎగ్జిక్యూట్ (69), సింక్ (83).

ఐదింటినీ ఒకే బఫర్‌లో పేర్చి ఒకేసారి పంపండి. ఒక్కోదానికీ జవాబు కోసం ఆగితే విశాఖలో ఉన్న మీరు ముంబై క్లౌడ్‌కి ఒకసారి వెళ్లొచ్చే చోట చాలాసార్లు తిరుగుతారు. చిన్న ముక్కల్ని ఆపకుండా వెంటనే పంపించే టీసీపీ నోడిలే అనే సాకెట్ ఆప్షన్ కూడా పెట్టండి. లినక్స్‌లో ప్రతి క్వెరీకీ సరిగ్గా 40 మిల్లీసెకన్ల దగ్గర ఆలస్యం కనబడితే చిన్న ముక్కలుగా పంపుతున్నారని అర్థం.

ఇక్కడి తప్పులు చాలావరకు ముందే ఊహించొచ్చు. సింక్ మర్చిపోతే ఏ జవాబూ రాక వేలాడుతుంది, ఎందుకంటే సర్వర్ జవాబుల్ని తన బఫర్‌లోనే ఉంచుకుంటుంది. బైండ్ చివర ఫలితాల ఫార్మాట్ సంఖ్య (2 బైట్లు, సున్నా అయినా రాయాలి) మర్చిపోతే మెసేజ్‌లో డేటా చాలలేదని 08పీ01 వస్తుంది. డిస్క్రైబ్ పంపకపోతే టీ రాదు, వరసలు మాత్రమే వస్తాయి. ఫలితం లేని ఆదేశాలకి టీ బదులు చిన్న ఎన్ (110) వస్తుంది. ఇంట్4 పారామీటర్‌కి బైనరీలో 8 బైట్లు పంపితే 22పీ03. టెక్స్ట్‌గా పంపితే ఆ బాధ లేదు. పారామీటర్ల సంఖ్యకి 2 బైట్లే కాబట్టి ఒక క్వెరీలో 65535 మించి పెట్టలేరు. దాటితే డ్రైవరే ముందుగా ఎర్రర్ ఇవ్వాలి.

మధ్యలో ఎర్రర్ వస్తే సింక్ కనబడేదాకా సర్వర్ మిగతా మెసేజ్‌లన్నీ పారేస్తుంది, తర్వాత ఒకే జెడ్ ఇస్తుంది. ఒక సింక్‌కి ఒక జెడ్. ఈ లెక్క తప్పకుండా ఉంటే పైప్‌లైనింగ్ (జవాబు కోసం ఆగకుండా క్వెరీలు వరసగా పంపడం) కూడా దానంతటదే వస్తుంది. కాకపోతే జవాబులు చదవకుండా వేలకొద్దీ పంపుతూ పోకండి, రెండు వైపులా సాకెట్ బఫర్లు నిండి ఇద్దరూ బిగుసుకుపోతారు.

పేరు పెట్టిన ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ఒకసారి పార్స్ చేసి మళ్లీ మళ్లీ వాడే క్వెరీలు) వేగమే, కానీ అవి ఆ సెషన్‌కే చెందుతాయి. మధ్యలో పీజీబౌన్సర్ (కనెక్షన్లని పంచే ప్రాక్సీ) ఒక్కో ట్రాన్సాక్షన్‌కే కనెక్షన్ ఇచ్చే ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఉంటే, 2023లో వచ్చిన 1.21 కంటే పాతదైతే దెబ్బతింటాయి. అందుకని పేరు లేని స్టేట్‌మెంట్‌ని డీఫాల్ట్‌గా పెట్టి, పేరున్నవాటిని ఆప్షన్‌గా ఇవ్వండి.

9. టీఎల్‌ఎస్

స్టార్టప్ కంటే ముందు 8 బైట్లు పంపాలి: పొడవు 8, తర్వాత 80877103. జవాబు ఒకే ఒక్క బైటు: 83 అయితే సరే, 78 అయితే లేదు. ఆ బైటుకి పొడవు గడి ఉండదు కాబట్టి మీ మెసేజ్ రీడర్‌తో చదవకండి. 83 రాగానే టీఎల్‌ఎస్ మొదలుపెట్టి, దాని లోపల స్టార్టప్ పంపండి.

ఇక్కడ ఒక భద్రతా లోపం నిజంగానే జరిగింది, 2021లో పోస్ట్‌గ్రెస్ సొంత క్లయింట్ లైబ్రరీలోనే సరిచేశారు. 83 వెనకే ఇంకేమైనా బైట్లు మీ బఫర్‌లోకి వచ్చాయంటే మధ్యలో ఎవరో దూర్చినవి. అవి టీఎల్‌ఎస్ లోపలి నుంచి వచ్చినట్టు చెలామణి అయిపోతాయి. బఫర్ ఖాళీగా ఉందో లేదో చూసి, లేకపోతే కనెక్షన్ తెంపండి. అలాగే 78 వచ్చిందని చెప్పాపెట్టకుండా మామూలు కనెక్షన్‌కి దిగిపోకండి. అడిగినవాళ్లు టీఎల్‌ఎస్ తప్పనిసరి అంటే ఎర్రర్ ఇవ్వండి.

10. రద్దు, వీడ్కోలు

నడుస్తున్న క్వెరీని ఆపాలంటే అదే కనెక్షన్ మీద కుదరదు. కొత్త కనెక్షన్ తెరిచి 16 బైట్లు పంపాలి: పొడవు 16, తర్వాత 80877102, ఆపైన మూడో మెట్టులో దాచుకున్న ప్రాసెస్ నంబరు, రహస్య సంఖ్య. దానికి జవాబు రాదు. ఫలితం పాత కనెక్షన్‌లో 57014 ఎర్రర్‌గా వస్తుంది, లేదా అప్పటికే క్వెరీ అయిపోయి మామూలు జవాబే రావచ్చు. రెండింటికీ సిద్ధంగా ఉండాలి. పోస్ట్‌గ్రెస్ 18తో వచ్చిన 3.2 ప్రోటోకాల్‌లో ఆ రహస్యం 4 బైట్ల కంటే పొడుగు ఉండొచ్చు. అందుకే కే మెసేజ్‌లో ప్రాసెస్ నంబరు తర్వాత ఎన్ని బైట్లుంటే అన్నీ దాచుకోండి.

మూసేటప్పుడు ఎక్స్ (88), పొడవు 4. పంపకుండా సాకెట్ మూసేసినా సర్వర్ తట్టుకుంటుంది, ట్రాన్సాక్షన్ మధ్యలో ఉంటే లాగ్‌లో గొణుగుతుంది అంతే.

ఇవన్నీ అయ్యాక అదే డ్రైవర్‌ని కాక్రోచ్‌డీబీ, యూగాబైట్ అనే వేరే డేటాబేస్‌లకి కలిపి చూడండి. అవీ ఇదే ప్రోటోకాల్ మాట్లాడతాయి, పోర్టులు 26257, 5433. పోస్ట్‌గ్రెస్ మీద నెగ్గి అక్కడ పడిపోతే, సర్వర్ మాట ఇవ్వని వరసనో సెట్టింగునో మీ కోడ్ ఎక్కడో నమ్ముకుని ఉంటుంది. మూడో మెట్టులోని లూప్ దగ్గర నుంచి వెతకడం మొదలుపెట్టండి.